తకు గుడిస్తే తి

మోకాలి లోతు నీళ్ళలో వంగి ఆమె రాళ్ళు ఏరుతోంది. గోలీకాయంత రాళ్ళు, కోడిగుడ్డంత రాళ్ళు, ఎవరి కడుపుమంటో గానీ కొబ్బరికాయంత రాయి ఒకటి. చేతికి తగిలింది తగిలినట్టు ఇనప తట్టలో వేస్తోంది. తట్ట నిండాక గట్టుమీదికి ఈడ్చి, జీపులు ఆగే చోటు పక్కన కుమ్మరించి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడుతుంది. మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. మంచు ఇంకా లోయలోంచి లేవకముందే ఈ పని అయిపోవాలి. జీపులు వచ్చాయంటే జనం అదే కుప్పలోంచి రాళ్ళు ఏరుకుని మళ్ళీ మడుగులోకి విసురుతారు. పొద్దున ఈమె తీయడం, పగలంతా వాళ్ళు వేయడం. గానుగెద్దుకైనా ఎప్పుడో ఒకప్పుడు సెలవుంటుంది. ఈమెకి సెలవురోజునే రాళ్ళెక్కువ.

నిన్నటినుంచి ఎడమ భుజం పీకుతోంది. తట్ట బరువుకేలే అనుకుంది.

లోయకి వచ్చినవాళ్ళని జీపువాళ్ళు ఒక వరసలో తిప్పుతారు. సూర్యోదయం చూసే గట్టు, జంట జలపాతం, ఊగే వంతెన, మబ్బులు చేతికందే మలుపు, ఆ తరవాత ఈ మడుగు. నిజం చెప్పుకోవాలంటే ఇందులో చూడ్డానికి ఏముంది? కొండవాగు పెద్ద బండ కింద కాసేపు ఆగుతుంది, అంతే. అసలు చూడదగ్గది ఒడ్డున ఒకప్పుడున్న అత్తిచెట్టు. నలుగురు చేతులు పట్టుకుంటే తప్ప చుట్టూ అందని మాను. జీపులు తిప్పుకోవడానికి చోటు చాలడం లేదని దాన్ని కొట్టేశారు. చెట్టు పోయాక ఈ నీళ్ళగుంట మొహం ఎవరు చూస్తారులే అనుకుంటుండగా, ఒక్క అక్షరం తప్పు దీన్ని నిలబెట్టింది.

అత్తి మడుగు అని రాయాల్సిన రేకు బోర్డు మీద గుడి ఎగిరిపోయి, అత్త మడుగు అని పడింది. రాసినవాడు పరాయివాడు కూడా కాదు. సాక్షాత్తూ ఆమె అల్లుడే.

ఇంకేముంది, గైడు అందుకున్నాడు. ఆ గైడుని లోయలో అందరూ రేడియో అంటారు. మొదలెడితే ఆపే మీట లేదు మరి.

"ఇలా రండి సార్, ఇలా రండి మేడమ్! అనగనగా ఇక్కడ ఒక గయ్యాళి అత్త. కోడల్ని తిననిచ్చేది కాదు, నిద్రపోనిచ్చేది కాదు. ఒకరోజు నీళ్ళకొచ్చినప్పుడు కోడలు ఒక్క తోపు తోసింది! అప్పటినించీ అడుగున కూర్చుని సణుగుతూనే ఉంది. చెవిపెట్టి వినండి. వినబడిందా? ఒక్క రాయి వేసి వెళ్ళండి, ఏడాదిపాటు ఇంట్లో మీ అత్తగారు నోరెత్తితే నన్నడగండి. మగవాళ్ళు కూడా వెయ్యొచ్చు సార్, మొహమాటమేం లేదు!"

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం పాతకాలం సంగతి. ఇప్పుడు ఆ కోపమంతా జీపులెక్కి కొండలు దాటి వచ్చి ఈ మడుగులో పడుతోంది. కథ అయిపోయాక రేడియో చెయ్యి ఆమెవైపు తిరుగుతుంది. "అదిగో ఆవిడ! ఆ అత్త వంశంలో మిగిలింది ఆవిడొక్కతే!" అంటాడు. ఫోన్లన్నీ ఇటు తిరుగుతాయి.

"అత్తి రా సన్నాసీ! అత్తిచెట్టు ఉండేది ఇక్కడ!" అని ఆమె అరుస్తుంది.

"విన్నారా, సణుగుడు!" అంటాడు వాడు. జనం గొల్లుమంటారు.

ఏం చేసినా ఆమెదే తప్పు. నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టు, తెరిస్తే సాక్ష్యం చెప్పినట్టు. చివరికి టీకొట్టువాడు, జీపు డ్రైవర్లు, జీతమిచ్చే టూరిజం ఆఫీసువాళ్ళు అందరూ ఆమెని అత్తా అనే పిలవడం మొదలుపెట్టారు. కడుపున పుట్టింది ఒక్కతే కూతురు. ఉన్నది ఒక్కడే అల్లుడు. లోయ మొత్తానికి అత్త అయి కూర్చుంది!

చెట్టంటే ఎందుకంత పట్టింపని ఎవరైనా అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు. ఈ కొండలోకి రోడ్డు వేస్తున్న కాలంలో కంకర కొట్టే మొగుడి వెంట ఆమె ఇక్కడికి వచ్చింది. ఇల్లు లేదు, వాకిలి లేదు. చెట్టుకింద టార్పాలిన్ కట్టుకున్నారు. కూతురు అక్కడే పుట్టింది. పాత దుప్పటి కొమ్మకి కట్టి దాన్ని ఊపేది. కాంట్రాక్టరు ఎవరిచేతైనా కబురు పంపితే 'అత్తిచెట్టు కింద వాళ్ళకి చెప్పు' అనేవాడు. "మనకీ ఒక చిరునామా దొరికిందే" అని మొగుడు నవ్వేవాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని అతను పోయాడు. తరవాత చెట్టు పోయింది. ఇక మిగిలింది పేరు. దాన్ని కూడా మింగేశారు. ఆమె కోపమంతా అక్కడుంది, పెద్ద రహస్యమేం కాదు.

ఇన్నాళ్ళూ ఒక ఆశ ఉండేది. రేకు బోర్డే కదా, ఎప్పుడో ఒకప్పుడు తుప్పుపట్టి రాలిపోతుంది, కొత్తది రాసేటప్పుడు అల్లుడి పీకమీద కూర్చుని సరిచేయించవచ్చులే అనుకుంది. ఇప్పుడు రేకు పీకేసి గోడ కట్టారు. జనం ముందు నిలబడి ఫోటోలు దిగడానికట. మనిషెత్తు గోడ, దానిమీద సిమెంటుతో తీర్చిన ఉబ్బెత్తు అక్షరాలు వస్తాయి. ఎల్లుండి పెద్దాఫీసరు వచ్చి ప్రారంభోత్సవం చేస్తాడు. అక్షరాలు వేసేది ఇవాళ. సిమెంటులో పడ్డ మాట ఇక ఆమె ఆయుష్షుకి మారదు. పడితే ఇవాళే గుడి పడాలి, లేకపోతే లేదు. రాత్రంతా ఆమెకి కన్ను మూతపడలేదు.

ఎండ బండమీదికి వచ్చేసరికి అల్లుడు సంచీ, తాపీ పట్టుకుని వచ్చాడు. సిమెంటు కలపడానికి నీళ్ళు ముంచుకుంటున్నవాడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఏం అల్లుడా, ఇవాళ గుడి పెడతావా పెట్టవా?"

"పొద్దున్నే మొదలెట్టావా అత్తా? ఆఫీసు కాయితంలో ఎలా ఉంటే అలా రాస్తాను."

"కాయితానికి బుద్ధి లేదు సరే. నీకుండొద్దా?"

"నాకు బుద్ధుంటే మీ ఇంటికి అల్లుణ్ణెందుకవుతాను?"

"ఆ తలకట్టు బదులు గుడి పెట్టడానికి ఎంతసేపు పడుతుందిరా?"

"పెట్టడానికి చిటికెలో పెడతాను. ఆ తరవాత నాకు పనెవరిస్తారు? బోర్డులన్నీ మిషన్లోనే అచ్చేయిస్తున్నారు. సిమెంటు అక్షరాలు మిషనుకి రావు గనక నన్ను పిలిచారు. దీంట్లో కూడా సొంత పెత్తనం చేశానంటే, రేపట్నించి నీతోపాటు నేనూ మడుగులో రాళ్ళేరుకోవాలి."

అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. అయినా మొదటి తప్పు ఎవరిది? కొత్తగా పెళ్ళయిన రోజుల్లో, బారెడు పొద్దెక్కినా లేవడని ఆమె అల్లుణ్ణి నాలుగు మాటలంది. అతను కాఫీ కూడా తాగకుండా, "అత్తట అత్త!" అని గొణుక్కుంటూ బ్రష్షు పట్టుకుని వెళ్ళాడు. ఆరోజు రాసినదే ఆ బోర్డు. మనసులో ఉన్నదే చేతికొచ్చింది. సాయంత్రం ఆమె చూసి గొడవ చేస్తే, తప్పయిందని ఒక్క మాట అనాల్సింది. కాయితంలోనే అలా ఉందన్నాడు. అన్నాక ఆ మాటమీదే నిలబడిపోయాడు. ఇంట్లో ముగ్గురికీ నిజం తెలుసు. ఎవరూ ఎత్తరు.

కాయితమే కదా అడ్డం, కాయితం దగ్గరికే పోదామని ఆమె చీపురు పక్కన పడేసి, రోడ్డెక్కి మలుపు దగ్గరున్న ఆఫీసుకి నడిచింది. ఎప్పుడూ నడిచే చిన్న ఎత్తే. ఇవాళ దారి మధ్యలో ఆగాల్సొచ్చింది. భుజం పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్ళీ కదిలింది.

గుమస్తా ఏదో రాసుకుంటున్నాడు.

"బాబూ, మడుగు దగ్గర గుడి పెట్టించాలి."

"గుళ్ళూ గోపురాలూ కుదరవమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "అది అటవీశాఖవాళ్ళ స్థలం."

"ఆ గుడి కాదు బాబూ. త మీద గుడి."

"దేనిమీదైనా అంతే. గట్టుమీద కడతామని ఒకళ్ళు, గుట్టమీద కడతామని ఒకళ్ళు. అందరికీ ఒప్పుకుంటూ పోతే చూడ్డానికి లోయ మిగలొద్దూ?"

"అయ్యో నా తల్లీ! తకు గుడిస్తే తి!" అని ఆమె గొంతు చించుకుంది.

గదిలో అందరూ ఇటు తిరిగారు. అప్పటికి అర్థమైంది గుమస్తాకి. నవ్వు ఆపుకుంటూ పెన్ను కింద పెట్టాడు. "ఓహో, ఆ గుడా! కానీ మా రికార్డులో అత్త మడుగు అనే ఉందమ్మా."

"రికార్డులో ఎవరు రాశారు?"

"బోర్డు చూసి మేమే ఎక్కించాం."

"బోర్డు రాసిందెవరు?"

"మీ అల్లుడేగా."

"మా అల్లుడు రికార్డు చూసి రాశానంటున్నాడు!"

"మరి సరిపోయిందిగా," అన్నాడు గుమస్తా, చిక్కుముడి విడిపోయినట్టు సంతోషంగా. "రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంక గొడవేముంది?"

గోడకి మొర పెట్టుకుంటే కనీసం అది నవ్వదు. ఆమె బయటికొచ్చి మెట్టుమీద కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఉక్రోషం. ఇంతమంది చదువుకున్నవాళ్ళున్న ఈ లోకంలో తనొక్కతే ఆ అక్షరం కోసం ఎందుకు దేవుళ్ళాడాలి? తనకొచ్చిన చదువెంత? కూతురు ఒకటో తరగతిలో చేరినప్పుడు, అది చెట్టుకింద కూర్చుని గుణింతాలు వల్లిస్తుంటే, కంకర జల్లెడ పడుతూ పక్కనుంచి తనూ వల్లించింది. అంతే ఆమె బడి.

మధ్యాహ్నం కూతురు ఇద్దరికీ అన్నం తెచ్చింది. తల్లి ఒక బండ మీద, మొగుడు ఒక బండ మీద, చెరోవైపు తిరిగి కూర్చున్నారు. మధ్యలో నిలబడి ఇద్దరికీ వడ్డించడం దానికి అలవాటే.

"అమ్మా, వదిలెయ్యవే," అంది కూతురు. "ఒక్క గుడి కోసం ఇంత రాద్ధాంతమా?"

"నిన్ను ఆ చెట్టుకే కట్టి ఊపానే."

"ఊపావు, కాదన్లేదు. చెట్టే లేనప్పుడు పేరు ఏదైతే ఏంటి?"

వేళాకోళానికి అనలేదు, మంచిగానే అంది. అందుకే గుచ్చుకుంది. రేడియో నవ్వితే తిట్టొచ్చు, గుమస్తా నవ్వితే తిట్టుకోవచ్చు. కూతురు ఇంత నిదానంగా అంటే ఏం చెయ్యాలి? ఆకలిగా లేదని చెయ్యి కడిగేసుకుంది. కూతురు మొగుడివైపు తిరిగి, "నువ్వైనా పెట్టేస్తే పోదా?" అంది. "నువ్వొక్కతివే తక్కువయ్యావు!" అని అతను కంచం వదిలి లేచాడు.

మధ్యాహ్నం జీపులు వస్తూనే ఉన్నాయి. రాళ్ళు బుడుంగుమని పడుతూనే ఉన్నాయి. ఆమె చిప్స్ కాయితాలూ నీళ్ళసీసాలూ ఏరుతూ, ఓ కన్ను గోడమీదే వేసి ఉంచింది. అల్లుడి చెయ్యి మంచిదే. ఆ మాట మొహంమీద ఎప్పుడూ అనలేదు గానీ, అతను సిమెంటుని తాపీ చివర తీసుకుని, ఒక్క విసురులో ఒంపు తిప్పి, తడిచేత్తో నున్నగా నిమిరితే అక్షరం ఇప్పుడే పొంగిన రొట్టెలా లేచి నిలబడుతుంది. అ వేశాడు. త వేశాడు, దానికింద తవొత్తు. తలకట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. తాపీ గాల్లోనే ఉంచి, మెడ తిప్పి ఆమెని చూశాడు. ఆ ఒక్క క్షణం అతను పెడతాడనే ఆమె అనుకుంది.

అతను మొహం తిప్పుకుని తలకట్టు పెట్టేశాడు. తరవాత మడుగు అనే మూడక్షరాలూ తలెత్తకుండా చకచకా ముగించాడు.

ఆమె చీపురు తీసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళి, చెత్త లేనిచోట కూడా ఊడ్చింది.

పొద్దు వాలి, ఆఖరి జీపు మలుపు తిరిగింది. అల్లుడు తాపీ కడిగి సంచీలో పెట్టుకున్నాడు. "రా అత్తా, పోదాం. చలిగాలి మొదలైంది," అన్నాడు కొంచెం మెత్తగా.

"నువ్వు పద. ఈ కాస్త ఎత్తేసి వస్తాను."

అతని అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయాక ఆమె గోడ దగ్గరికి వచ్చింది. రాళ్ళ తట్ట బోర్లించి ఎక్కింది. వేలితో నొక్కి చూసింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. గోరు కిందికి పోనిచ్చి, బొటనవేలు అదిమిపెట్టి మెల్లగా లాగితే తలకట్టు ముక్కలవకుండా ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని గోడ వెనక్కి గిరాటేసింది. అల్లుడు సిమెంటు కలిపిన రేకులో అడుగున కొంచెం మిగిలుంది. దాంట్లో మడుగు నీళ్ళు చల్లి పిసికింది. చేతులు కోసుకుపోతున్నట్టు మండాయి. మధ్యమధ్య ఎడమచెయ్యి మాట వినడం మానేస్తోంది. అరచేతుల మధ్య వత్తిలా పేని, ఒంపు తిప్పి, త నెత్తిన అతికించింది. జారి కిందపడింది. ఛీ, దీని తస్సదియ్యా! మళ్ళీ పేనింది. ఈసారి గోడమీద గోరుతో గీతలు గీసి, తడిచేసి, అప్పుడు నొక్కింది.

"తకు తలకట్టిస్తే త, తకు దీర్ఘమిస్తే తా, తకు గుడిస్తే..."

నిలబడింది.

తట్ట దిగి, వెనక్కి నడిచి, దూరంనుంచి చూసింది. గుడి ఒకవైపుకి ఒరిగింది. అల్లుడి అక్షరాల పక్కన అది చిన్నపిల్లలు పెట్టినట్టుంది. ఒరిగితే ఒరిగింది, తి అయితే అయింది కదా! పైకి చదివింది, కూడబలుక్కుంటూ. "అత్తి మడుగు." నవ్వడానికి అక్కడెవరూ లేరు. మళ్ళీ ఒకసారి గట్టిగా చదివింది. ఎన్నాళ్ళ బరువో ఛాతీమీదినుంచి దిగుతుందనుకుంటే, దిగకుండా అక్కడే గట్టిగా పట్టుకుంది. కాసేపు కూర్చుంటే పోతుందని గోడ వెనక్కి, గాలి తగలని వైపుకి వెళ్ళి వీపు ఆనించుకుని కూర్చుంది.

చీకటి పడుతున్నా రాలేదని కూతురు మొగుణ్ణి పంపింది. అతను గొణుక్కుంటూనే వచ్చాడు. గోడ వెనక ఆమె కాళ్ళు కనబడ్డాయి.

"అత్తా! ఇదేం పంతం? అలిగితే ఇంట్లో అలుగు, ఇక్కడ మంచులో కూర్చుంటే నన్నెవరు తిడతారో తెలుసా, నీ కూతురు!" జవాబు లేదు. "సరేలే, విను. ఎల్లుండి పెద్దాఫీసరు వచ్చి పోనీ. ఆ తరవాత నేనే ఏదో ఒకటి చేస్తాను. ఒట్టు. లే." జవాబు లేదు. ఎంత కోపంలోనైనా ఆమె ఒక మాటకి పది మాటలు అనేది గానీ, ఇలా ఊరుకున్నది ఎప్పుడూ లేదు. అతను వంగి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, సిమెంటు పట్టి గరుగ్గా ఉంది.

చేతికి సిమెంటెందుకుందో అప్పుడు తోచలేదు. ఎత్తుకుని ఇంటికి మోసుకెళ్ళాడు.

మర్నాడు ఆమెని సాగనంపారు. ఆ మర్నాడు తెల్లవారుతూనే అతను ఎర్రరంగు డబ్బా పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. పెద్దాఫీసరు వచ్చేలోగా అక్షరాలకి రంగు పడాలి, ఇంట్లో చావైనా పెళ్ళయినా. అ కి రంగు వేసి, త దగ్గరికి వచ్చి చెయ్యి ఆపాడు. ఒరిగిన గుడిని చూశాడు. దానిమీద వేళ్ళు నొక్కిన గుంటలు చూశాడు. ఆమె చేతి గరుకు అప్పుడు అర్థమైంది. రాయిలా గట్టిపడింది, ఉలి పెడితే తప్ప ఊడదు. సంచీలో ఉలి ఉంది. తీశాడు, సుత్తీ తీశాడు. గుడి కింద ఉలి ఆనించాడు కూడా. పోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాడు. ఉలి సంచీలో పడేసి, గుడికి కూడా ఎర్రరంగు వేశాడు. రెండుసార్లు వేశాడు.

పెద్దాఫీసరు వచ్చాడు. అల్లుడు జనం వెనక నిలబడ్డాడు. పని పోతుంది, నలుగురిలో తిడతారు, పోతే పోయింది, నేనే పెట్టానని చెప్పేస్తాను అని గొంతు సవరించుకున్నాడు. గుమస్తా గోడ ముందు నిలబడి, కాయితం చూసి, "అత్త మడుగు పేరుగోడ" అని చదివాడు. చప్పట్లు కొట్టారు. పెద్దాఫీసరు గోడకి వీపు పెట్టి ఫోటో దిగాడు. గుమస్తా దిగాడు. జీపు డ్రైవర్లు దిగారు. ఒక్కరూ పైకి చూడలేదు. ఒక్కడైనా తప్పు పట్టుకుంటే బాగుండును, ఒక్కడైనా తిడితే బాగుండునని అతను మొహాలన్నీ వెతికాడు. కార్లు వెళ్ళిపోయాయి.

ఆ వెంటనే మొదటి జీపు వచ్చింది. రేడియో సరిగ్గా ఆ గుడి కిందే నిలబడి అందుకున్నాడు. "అనగనగా ఇక్కడ ఒక గయ్యాళి అత్త..."

"అది అత్తి," అన్నాడు అల్లుడు దగ్గరికి వెళ్ళి. "చదువు. అత్తి అని ఉంది."

రేడియో తలెత్తి ఒక చూపు చూశాడు. "ఏదో ఒకటిలే అన్నా," అని మళ్ళీ జనంవైపు తిరిగాడు. "ఆ వంశంలో ఆఖరావిడ మొన్ననే పోయింది పాపం."

జనం అయ్యో అన్నారు. రాళ్ళకోసం కుప్ప దగ్గరికి నడిచారు. అల్లుడు డబ్బా, బ్రష్షు తీసుకుందామని గోడ వెనక్కి వెళ్ళాడు. ఆమె వీపు ఆనించి కూర్చున్న చోట, గడ్డి నలిగిన చోట, సిమెంటు తలకట్టు ఒకటి పడి ఉంది, విరక్కుండా, రంగు లేకుండా, మీద ఒక బొటనవేలి ముద్రతో.